ఎడంచేతి బకిల్

మా ఆయన సముద్రం అడుగు చూసొస్తానన్న రోజున నేను నవ్వలేదు. నవ్వితే ఎందుకు నవ్వావని అడుగుతారు. చెబితే అరగంట క్లాసు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఎప్పుడు నవ్వకూడదో మాత్రం బాగా నేర్చుకున్నాను.

ఆయన పేరు భానుమూర్తి. ఈ అరబ్బు దేశంలో, సల్మాబాద్ అనే చోట ఓ కంపెనీలో క్వాలిటీ మేనేజరు. ఇంట్లోనూ అదే ఉద్యోగం, జీతం లేకుండా. ఇడ్లీ ఓ పక్కకి ఒరిగిందంటారు. దుప్పటి మడత మూలలు కలవలేదంటారు. తలుపు గడియ వెయ్యడానికి ఓ పద్ధతి ఉందిట, అది నాకింకా రాలేదుట. బుసైతీన్‌లో మా ఫ్లాటు బాల్కనీలో నిలబడితే విమానాలు నెత్తిమీంచే దిగుతున్నట్టుంటాయి. కాఫీ తాగుతూ వాటికీ మార్కులు వేస్తారు. "ఇవాళ పైలట్ తొందరపడ్డాడు," అంటారు. అక్కడికి ఆ పైలట్ ఈయన దగ్గరకొచ్చి సంతకం పెట్టించుకోవాలన్నట్టు.

ఆ ఏడాది మే నెలలో ఆయన ఆఫీసులో కొందరు స్కూబా డైవింగ్ నేర్చుకోవడానికి బయల్దేరారు. కింద పనిచేసేవాళ్లకి వచ్చిన విద్య తనకి రాకపోతే ఈయనకి నిద్ర పట్టదు కదా. తనూ చేరతానన్నారు. అయితే అక్కడ ఒంటరిగా దిగనివ్వరు. ఇద్దరిద్దరు జతగా దిగాలి, ఒకరి సామాను ఒకరు చూసుకోవాలి. ఆఫీసులో ఒక్కడూ ఈయనతో జత కట్టలేదు. పగలంతా విన్నది చాలక నీళ్లల్లో కూడా వినాలని ఎవరికుంటుంది? ఉదయ్‌కిరణ్ అని ఈయన కింద పనిచేసే ఇంజినీరు ఉన్నాడు, బహు గడుసువాడు. "మేడమ్‌తో కలిసి దిగితే బావుంటుంది సార్," అని తప్పించుకున్నాడు.

"నువ్వు రా," అన్నారు మా ఆయన. "నువ్వేం చెయ్యక్కర్లేదు. నేను చెప్పినట్టు చేస్తే చాలు."

"నాకు ఈత వచ్చు కదండీ."

"కాలవలో ఈత వేరు కనకదుర్గా. ఇది సైన్సు."

ఆయన ఈత సంగతి చెప్పాలి. క్లబ్బు కొలనులో నెల రోజులు నేర్చుకున్నారు, గట్టుకి రెండడుగుల దూరంలో. నా సంగతంటారా, మా నాన్న గోదావరి కాలవ లాకుల దగ్గర పనిచేసేవారు. లాకు గోడమీంచి దూకి, పడవ కిందనుంచి వెళ్లి అవతల తేలడం మా ఇంట్లో ఆడపిల్లలకి కూడా మామూలే. పెళ్లయ్యాక నేను మళ్లీ నీళ్లల్లో మునిగింది పుష్కరాలకే. అదీ మూడు మునకలు, ఆయన గట్టున నిలబడి లెక్కపెడుతుండగా.

ముహర్రక్‌లో పడవలు ఆగే చోటికి దగ్గర్లోనే ఉంది డైవింగ్ దుకాణం. నేర్పేది యూసుఫ్. ఆ ఊరి మనిషే, మాటలు తక్కువ, అవీ హిందీలో. సామాను చూసేది ముత్తన్న, మనవాడే, జగిత్యాల పక్క పల్లె. ఎనిమిదేళ్లు సల్మాబాద్ క్యాంపులో ఉండి కట్టడాల పని చేశాక ఇటు మారాడు. సిలిండర్లలో గాలి నింపడం, పట్టీలు బిగించడం, ఎవరికెంత సీసం కావాలో చూసి ఇవ్వడం అతని డ్యూటీ.

సీసం ఎందుకో మొదటిరోజే అర్థమైంది. మనిషి తేలతాడు. వేసుకునే రబ్బరు సూటు ఇంకా తేలుతుంది. మునగాలంటే నడుముకి సీసం దిమ్మలు గుచ్చిన బెల్టు కట్టుకోవాలి. ఇక్కడి సముద్రం మరీ ఉప్పు కాబట్టి మిగతా చోట్లకంటే ఓ దిమ్మ ఎక్కువే పడుతుంది. తక్కువైతే మునగం, ఎక్కువైతే నేల దున్నుకుంటూ పోతాం. సరిగ్గా ఎంతో కనుక్కోవడమే అసలు విద్య.

మా ఆయన అప్పటికే విద్వాంసులు. దేశం వెళ్లిపోతున్న ఓ ఇంగ్లీషాయన దగ్గర సొంత హార్నెస్ కొనేశారు. అంటే వీపుకి ఓ లోహపు పలక, దానికి భుజాల పట్టీలు, నడుము పట్టీ, కాళ్ల మధ్య నుంచి వచ్చే ఇంకో పట్టీ. పలక వెనకాల గాలి నింపే తిత్తి, దానిమీద సిలిండరు. అదంతా తగిలించుకుని దుకాణం అద్దంలో చాలాసేపు చూసుకున్నారు.

"సార్, మీకు ఎనిమిది కిలోలు సాలు," అన్నాడు ముత్తన్న దిమ్మలు తీస్తూ.

"పద్నాలుగు పెట్టు."

"పద్నాలుగా? అడుక్కు వొయ్యి కూసుంటరు సార్. లేవనీకి రాదు."

"ఏమయ్యా, నా బరువు తొంభై. దాన్లో పది శాతం తొమ్మిది. ఉప్పునీటికి రెండున్నర. సేఫ్టీకి ఇంకో రెండున్నర. నువ్వేసిన లెక్కేంటో చెప్పు."

"లెక్క నాకు రాదు సార్. నీళ్లల్ల మనుషులను సూశిన."

"అదే మరి," అని మా ఆయన నావైపు తిరిగి నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. పక్కింటి మలయాళీ ఆవిడ ఇంగ్లీషు మాట్లాడినప్పుడు, మా అన్నయ్య రాజకీయాలు మాట్లాడినప్పుడు, నేను ఏం మాట్లాడినా, అదే నవ్వు.

తర్వాత బకిల్ దగ్గర పేచీ వచ్చింది. నడుముకి రెండు పట్టీలొస్తాయి. ఒకటి హార్నెస్‌ది, ఒకటి సీసం బెల్టుది. రెండింటికీ ఒకే రకం బకిల్. ముత్తన్న హార్నెస్ బకిల్‌ని ఎడంచేత్తో లాగితే విడిపోయేటట్టు ఎక్కించాడు. సీసం బెల్టుది కుడిచేత్తో.

"ఇదేంటి, తిరగేసి పెట్టావు?" అన్నారు మా ఆయన.

"కావాల్ననే పెట్టిన సార్. లోపటికి వోతే రబ్బరు సూటు నలుగుతది, సీసం బెల్టు వదులైతది. అప్పుడు బిగించుకోవాలె. నీళ్లల్ల నడుము కనవడదు, చెయ్యే సూడాలె. కుడిచేతిది సీసం, ఎడమచేతిది హార్నెస్. రెండు ఒక్కదిక్కే ఉంటే ఒకటి అనుకొని ఇంకోటి ఇప్పుతరు."

"ఎడంచేత్తో నేను ఏ పనీ చెయ్యనయ్యా. చెయ్యలేదు, చెయ్యను. రెండూ కుడివైపే పెట్టు."

యూసుఫ్ అటుగా వచ్చి, చూసి, "ముత్తన్న సహీ హై సార్," అని వెళ్లిపోయాడు. ఆయన మొహం మాడ్చుకుని ఊరుకున్నారు.

నాకు మాత్రం ఆ బకిల్ తెగ నచ్చేసింది. నాది పుర్రచెయ్యి. పెళ్లైన కొత్తలో ఎడంచేత్తో గరిటె పట్టుకున్నానని మా అత్తగారు నరసాయమ్మగారు అదే గరిటెతో మణికట్టు మీద వేశారు. ఆవిడ పోయాక ఆ పని కొడుకుగారు అందుకున్నారు. కొట్టరు, అంత మొరటు కాదు. మరిచిపోయి ఎడంచేత్తో వడ్డించబోయానంటే కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, మొహం పక్కకి తిప్పుకుంటారు. కుడిచేత్తో మళ్లీ వెయ్యాలి. అప్పుడు చెయ్యి తీస్తారు. ముగ్గురు నలుగురు చుట్టాలు కూర్చున్నప్పుడైతే ఇంకా నెమ్మదిగా తీస్తారు.

నేను బకిల్ ఎడంచేత్తో టక్కున విప్పి, టక్కున బిగించడం చూసి ముత్తన్న అన్నాడు, "అమ్మా, మీది పుర్రచెయ్యా? మంచిదే. నీళ్లల్ల రెండు చేతులు ఒక్కతీరే."

జూన్‌లో సముద్రంలో దిగాం. నాకు పది కిలోలు కట్టమని మా ఆయన ఆర్డరు వేశారు. ముత్తన్న ఇచ్చిన బెల్టు ఎత్తితే తేలిగ్గా ఉంది. నేను అతనివైపు చూశాను.

"ఆరే పెట్టిన," అన్నాడు మెల్లిగా. "సార్‌కు చెప్పకుండ్రి."

బరువు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. నీళ్లల్లో నిలువుగా ఉండి, మామూలు ఊపిరి పట్టి, కాళ్లూ చేతులూ కదపకుండా ఉండాలి. నీళ్లు సరిగ్గా కంటి మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లిగా మునగాలి. నాకు సరిగ్గా కంటి మట్టానికి వచ్చాయి. ఊపిరి వదిలాను. తల మునిగింది, చెవుల్లో చప్పుడంతా ఆగిపోయింది. ఎవరూ నన్ను ఏమీ అనలేని చోటు. లాకుల దగ్గర పదమూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది. మాస్కులో ఏడిస్తే తుడుచుకోవడానికి ఉండదని అప్పుడే తెలిసింది.

ఆయన సంగతా? రుబ్బురోలులా దిగారు. కిందికి పోతున్నానని తిత్తిలో గాలి నింపారు, పైకి తేలిపోయారు. గాలి వదిలారు, మళ్లీ దబ్బున దిగారు. అడుగున నిలబడి నడవబోయారు. మట్టంతా లేచి ఎవరికీ ఏమీ కనపడలేదు. ఆ కుస్తీకి ఆయన సిలిండరు అరగంటలో ఖాళీ. నాది సగానికి పైగా మిగిలే ఉంటుంది. అయినా ఇద్దరం కలిసే పైకి రావాలి, జత కదా. ప్రతి శుక్రవారం నా గాలి అలా మిగిలిపోయేది.

"మేడమ్ బహుత్ అచ్ఛా," అన్నాడు యూసుఫ్ పడవలో. "సార్, వజన్ కమ్ కరో."

సార్ వజన్ తగ్గించలేదు. తిరిగొస్తూ కారులో అన్నారు, "నువ్వు తేలిక మనిషివి కాబట్టి నీకు కుదిరింది. అది టెక్నిక్ కాదు." సిగ్నల్ దగ్గర కారాపి, "ఏదో కోర్సు పూర్తయ్యేదాకా రా. తర్వాత నీకెందుకు? ఎండా, ఉప్పూ, జుట్టంతా పాడు," అన్నారు.

నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. నాకు కావాల్సింది ఆ తర్వాతే. కోర్సు అయ్యాక ఓ కార్డు ఇస్తారు. కార్డున్నవాళ్లు ఎవరితోనైనా దిగొచ్చు. ముత్యపు చిప్పలున్న చోటికి యూసుఫ్ ప్రతి శుక్రవారం పడవ వేసుకుని వెళతాడు, నవంబరు దాకా. ఆయనతోనే దిగాలని ఎక్కడా లేదు. యాభై ఏళ్లు దాటాక నాకంటూ ఒకటి కావాలనిపించింది, అది ఆ కార్డు. దానికోసం ఏ క్లాసైనా వింటాను, ఎంత నవ్వైనా భరిస్తాను అనుకున్నాను.

నెలలో అవ్వాల్సిన కోర్సు ఆయనగారి పుణ్యమా అని మూడు నెలలు సాగింది. మాస్కులో చేరిన నీళ్లు ముక్కుతో ఊది బయటికి పంపాలి. అందులో మూడుసార్లు తప్పారు. తప్పిన ప్రతిసారీ మాస్కు డిజైన్‌లో లోపం కనిపెట్టారు. నేను తలూపేదాన్ని. ఇంకో శుక్రవారం దొరికింది కదా అని లోపల పండగ చేసుకునేదాన్ని.

ఆగస్టు చివరికి ఒక్క డైవ్ మిగిలింది. దానికి ముందురోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, హార్నెస్ డైనింగ్ టేబుల్ మీద పరిచారు. నడుము పట్టీ ఊడదీసి, బకిల్ తిప్పి ఎక్కిస్తున్నారు.

"ఏం చేస్తున్నారు?"

"కరెక్షన్."

"అది అలా ఉండాలని కదండీ ముత్తన్న..."

"వాడు సిమెంటు మోసిన మనిషి. నేను ముప్ఫై ఏళ్లు ఇన్‌స్పెక్షన్ చేశాను. నువ్వెళ్లి పప్పు చూసుకో, మాడుతున్నట్టుంది."

పప్పు మాడలేదు. వెళ్లి చూశాను కూడా. పొయ్యి ముందు నిలబడి ఓ నిర్ణయానికొచ్చాను. ఇంక ఈ మనిషికి నేనేమీ చెప్పను. ఏదీ, ఎప్పుడూ.

శుక్రవారం పొద్దున్నే పడవ బయల్దేరింది. యూసుఫ్, అతనికి జతగా ఉదయ్‌కిరణ్, మేమిద్దరం, సామానుకి ముత్తన్న. దిగేముందు జతలో ఒకరినొకరు చెక్ చేసుకోవాలి. గాలి, పట్టీలు, బకిల్స్, సీసం. ఆయన నన్ను పైనుంచి కిందదాకా చూసి, నా మాస్కు తాడు ఒకటి అకారణంగా సర్ది, "ఓకే," అన్నారు. తర్వాత నా వంతు. ఆయన నడుము చూశాను. రెండు బకిల్స్, రెండూ కుడివైపుకే. ఒకదాని మీద ఒకటి.

"చెక్?" అని యూసుఫ్ అవతలి చివర నుంచి అరిచాడు.

"ఓకే," అన్నాను.

తొమ్మిది మీటర్ల లోతు. నీళ్లు ఆవేళ మసగ్గా ఉన్నాయి, యూసుఫ్, ఉదయ్‌కిరణ్ ముందు వెళుతుంటే వాళ్ల కాళ్లకి తొడుక్కున్న రబ్బరు రెక్కలే కనిపిస్తున్నాయి. మా ఆయన ఎప్పట్లాగే తిత్తి నిండా గాలి కొట్టుకుని, పద్నాలుగు కిలోలతో మట్టి లేపుకుంటూ వస్తున్నారు. పాతిక నిమిషాలైంది. ఆయన ఆగిపోయారు. సీసం బెల్టు వదులై తుంటి మీదికి జారింది, ముత్తన్న చెప్పినట్టే. మోకాళ్ల మీద కూర్చుని బిగించుకోబోయారు. కుడిచెయ్యి నడుము దగ్గరకి వెళ్లింది. బకిల్ దొరికింది. లాగారు.

విడిపోయింది హార్నెస్.

నడుము పట్టీకి గుచ్చి ఉన్న కాళ్ల మధ్య పట్టీ జారిపోయింది. గాలితో నిండిన తిత్తి పలకనీ, సిలిండరునీ పట్టుకుని పైకి లేచి ఆయన మెడ వెనకకి వచ్చింది. నడుముకున్న సీసం కిందికి లాగుతోంది. భుజాల పట్టీలు చెవుల దాకా వచ్చాయి. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటరు ఊడి పక్కకి పోయింది.

మొదటి క్షణం నేనేం చేశానో దాచను. చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడు చెప్పండి మీ ముప్ఫై ఏళ్ల ఇన్‌స్పెక్షన్ గురించి, అనుకున్నాను. ఆ మాట అంత స్పష్టంగా మనసులో అనుకున్నాను. అంతలో మాస్కులోంచి ఆయన కళ్లు కనిపించాయి. ఆ కళ్లల్లో మేనేజరు లేడు. నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టున్నాయి. నాకు భయమేసింది. ఈయన పోతే ఎలా అని కాదు, నేను చంపేశాను అని.

ఎదురుగా ఉన్న మనిషి కుడివైపు మన ఎడంచేతికే అందుతుంది. ఆయన కుడిభుజం పక్కన ఊగుతున్న రెగ్యులేటరు నా ఎడంచేతికి దొరికింది. నోట్లో పెట్టి, మీట నొక్కి నీళ్లు ఊదేశాను, పెదాల మీద అరచెయ్యి అదిమి పట్టుకున్నాను. ఆయన దగ్గారు, పీల్చారు, మళ్లీ దగ్గారు. నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే అయిదు వేళ్ల గుర్తులూ వారం రోజులున్నాయి. కుడిచేత్తో ఆయన తిత్తిలో గాలి వదిలించాను. పలక కిందికి దిగింది. కాళ్ల మధ్య పట్టీ వెతికి తెచ్చి, నడుము పట్టీ చుట్టి, ఎడంచేత్తో బకిల్ బిగించాను. తర్వాత సీసం బెల్టు కూడా సర్ది బిగించాను. ఆయన చేతులు ఎత్తుకుని ఊరికే ఉన్నారు.

యూసుఫ్ అప్పుడు వెనక్కి తిరిగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, బాగానే ఉన్నారా అని అడిగాడు. నాకంటే ముందు ఆయనే వేళ్లు కలిపి చూపించారు, అంతా బ్రహ్మాండమని.

పడవలో తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. నలభై మూడు డిగ్రీల ఎండలో దవడలు కొట్టుకుంటున్నాయి. "కింద నీళ్ల కరెంటు బాగా ఉంది," అన్నారు ఎవరూ అడక్కుండానే. ఉదయ్‌కిరణ్, "అవును సార్, చాలా ఉంది," అన్నాడు. నీళ్లు చెరువులా నిలిచున్నాయి ఆవేళ.

దుకాణం వెనక మంచినీళ్ల తొట్టిలో సామాను కడుగుతుంటే ముత్తన్న ఆయన హార్నెస్ ఎత్తి చూశాడు. బకిల్ మీద వేలు పెట్టాడు.

"అమ్మా, గిది ఎవరు తిప్పిన్రు?"

"సార్."

"పడవల సార్ మొఖం సూస్తెనే అనుకున్న, యాడనో తేడా కొట్టిందని." కాసేపు పట్టీని నీళ్లలో జాడించాడు. "మీరు చెక్ జేశిన్రు గద?"

కడిగిన మాస్కునే మళ్లీ తొట్టిలో ముంచి కడిగాను. అతను మళ్లీ అడగలేదు. బకిల్ ఊడదీసి, పాత తీరుగా ఎడంచేతి వైపుకి ఎక్కించి, బిగువు చూసి, నీడలో ఆరేశాడు. అంతసేపూ నావైపు చూడలేదు. నా మొగుడి నవ్వుకన్నా అది నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆ మరుసటి శనివారం మధ్యాహ్నం ఉదయ్‌కిరణ్, అతని భార్య మధులిక భోజనానికొచ్చారు. కోర్సు ముగిసినందుకు మా ఆయన పిలిచారు. దోసకాయ పప్పు, వంకాయ కూర, చారు, మజ్జిగ. నేను కొసరి వడ్డిస్తున్నాను. ఆయన చెబుతున్నారు.

"తొమ్మిది మీటర్లోయ్. ఈవిడకి ఒక్కసారిగా కంగారొచ్చేసింది. బెల్టు అనుకుని హార్నెస్ ఊడదీసేసుకుంది. నోట్లోంచి రెగ్యులేటరు పోయింది. నేను చల్లగా వెళ్లి, రెగ్యులేటరు పెట్టి, పలక కిందికి లాగి, బకిల్ బిగించాను. అలాంటప్పుడు చేతులు వణక్కూడదు. అదీ అసలు సంగతి."

వినడానికి ఎంత బాగుందో! ఒక్క అడుగు కూడా తప్పలేదు, వరస అంతా సరిగ్గా చెప్పారు. మనుషుల్ని మాత్రం అటూ ఇటూ చేశారు. సిగ్గు లేకుండా అంత నింపాదిగా అన్నం కలుపుకుంటూ అబద్ధమాడే మనిషి పక్కన ఇన్నేళ్లు పడుకున్నానా అనిపించింది.

"గ్రేట్ సార్," అన్నాడు ఉదయ్‌కిరణ్. పడవలో ఆయన దవడల చప్పుడు విన్నవాడే.

"అయ్యో ఆంటీ, భయమేసిందా?" అంది మధులిక.

"వేసిందమ్మా," అన్నాను. అది నిజమే.

"అందుకే ఈవిడ కార్డుకి ఫోటో పంపలేదు నేను," అన్నారు మా ఆయన. "యూసుఫ్ రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. వద్దులే అని చెప్పేద్దామనుకుంటున్నాను. ఇంటికి ఒక కార్డు చాలు."

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను, పప్పు గిన్నెతో. గిన్నె కుడిచేతిలోకి మార్చుకున్నాను. గరిటె ఎడంచేత్తో పట్టుకున్నాను. నిండుగా తీసి ఆయన అన్నం మీద వేశాను.

మధులిక తింటున్నది ఆపేసింది. ఆయన ఎడంచెయ్యి కంచానికి అడ్డం పెట్టడానికి లేచింది, సగంలో ఆగింది. నావైపు తలెత్తి చూశారు. రెండో గరిటె తీసి కంచం మీదే పట్టుకున్నాను.

"ఇంకొంచెం వెయ్యమంటారా?"

చెయ్యి మెల్లిగా కిందికి దించేశారు. "వెయ్యి," అన్నారు.

వేశాను. "ఫోటో పంపుతారా?"

"పంపుతాను."

"ఇప్పుడే పంపండి. ఫోను పక్కనే ఉందిగా."

కుడిచెయ్యి ఎంగిలి. ఎడంచేత్తో ఫోను తీశారు. ఎడమ బొటనవేలితో వెతికి, తప్పు నొక్కి, మళ్లీ వెతికి పంపారు. ఎడంచేత్తో ఏ పనీ చెయ్యని మహానుభావులు. ఉదయ్‌కిరణ్ వంకాయ ముక్కని చాలా శ్రద్ధగా పరిశీలించాడు. నేను చారు గిన్నె తేవడానికి వంటింట్లోకి వెళ్లాను. అక్కడ ఒక్కదాన్నీ నవ్వుకున్నాను, గట్టిగానే. ఎందుకు నవ్వావని ఎవరూ అడగలేదు.

వాళ్లు వెళ్లాక నేను కంచం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మామూలుగా ఆ వేళకి వెళ్లి పడుకుంటారు. వెళ్లలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. టేబుల్ మీద మెతుకొకటి వేలితో ఏరి పక్కన పెట్టారు.

"పడవలో యూసుఫ్ చెక్ అని అడిగినప్పుడు నువ్వు ఓకే అన్నావు," అన్నారు.

"అన్నాను."

"బకిల్ చూడ్డం మర్చిపోయావా?"

ఇరవై ఎనిమిదేళ్లలో నా తప్పుకి ఆయన ఓ దారి వదిలిపెట్టడం అదే మొదటిసారి. మర్చిపోయానంటే సరిపోతుంది. ఆయనకీ అదే కావాలని మొహంలో తెలుస్తోంది. ఒక్క అబద్ధం. ఇందాక ఆయన ఆడిన దానిముందు అదెంత?

"లేదు," అన్నాను. "చూశాను."

ఆయన తల వంచుకుని కూర్చున్నారు. క్లాసు మొదలవుతుందని చూశాను. మొదలవలేదు. పైన విమానం దిగుతున్న చప్పుడైంది. దానికీ మార్కులు వెయ్యలేదు.

"వచ్చే శుక్రవారం నుంచి," అన్నారు చివరికి, నావైపు చూడకుండా, "నా పట్టీలు నువ్వే చూడు. సీసం ముత్తన్న ఎంతంటే అంత."

"చూస్తాను."

"చూడ్డం కాదు." ఏరిపెట్టిన మెతుకుని వేలితో ఇంకాస్త అవతలికి జరిపారు. "చూసి, నోరు తెరిచి చెప్పు."

"చెబుతాను," అన్నాను. మజ్జిగ పోసుకుని అన్నం కలిపాను.